విశ్రాంతి గది కావలెను

పోయిన నెల మా తమ్ముడి మనవరాలు హారికను ఎం.ఏ.లో చేర్పించడానికి తిరుపతికి తోడు వెళ్ళాను. తోడు అని నేను అనుకుంటున్నాను గానీ, సర్టిఫికెట్ల ఫైలు, గొడుగు, నా చేతిసంచి అన్నీ మోసింది ఆ పిల్లే. మెట్ల దగ్గర నన్ను కూడా సగం మోసింది. నేను చదువుకున్న యూనివర్సిటీయే, నేను చదువుకున్న చరిత్ర శాఖే. రాతిగోడలకు ఎవరో పుణ్యాత్ములు గులాబీ రంగు వేయించారు. ఫీజు కట్టే కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా హారిక లోపలి మనిషిని, "అన్నా, లేడీస్ బాత్రూం యాడుంది?" అని అడిగింది. ఆయన కంప్యూటరు మీదినుంచి తల ఎత్తకుండానే, "ఎడమపక్క రెండోది" అన్నాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. కానీ నాకు నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని, చివరకు మెట్టు మీద కూలబడేంత నవ్వు. వరుసలోని తల్లిదండ్రులందరూ తిరిగి చూశారు. హారిక భయపడి నా నుదురు పట్టుకుని చూసింది. "ఏమైంది అవ్వా? ఎండదెబ్బా? బాత్రూం యాడని అడిగితే ఎవరన్నా ఇట్ల నవ్వుతారా?" అంది. ఆ ఎడమపక్క రెండోదానికి ఒక పెద్ద కథ ఉందని ఆ పిల్లకు అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది చిత్తూరు. బజారువీధిలో మా నాయనకు పచారి అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. వెనక ఇల్లు అని పేరే గానీ, అంగడిలో పట్టని సరుకంతా ఇంట్లోకే వచ్చేది. నడవలో చింతపండు బుట్టలు, దేవుడి గూటి కింద బెల్లం దిమ్మెలు, మేము పడుకునే గదిలో ఎండుమిరప గోతాలు. కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఏ గదిలో ఉన్నామో ముక్కు చెప్పేది. తెల్లవారుజామున ఇల్లంతా వరసగా తుమ్మేది. ముందు నాయన, తర్వాత అమ్మ, ఆ తర్వాత నేను, చివర తమ్ముడు. పక్కింటివాళ్ళు మా తుమ్ములు విని పాలకు లేచేవారు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన కొత్తలో నాకు పొద్దున మెలకువ వచ్చేది కాదు. తుమ్ము రాకపోతే తెల్లవారినట్టు నాకెట్లా తెలుస్తుంది?

ఆ ఇంటికి అసలు అధికారి మా అవ్వ, నాయనకు అమ్మ. కుంకుడుకాయ వాసన, వక్కపొడి వాసన కలిసిన మనిషి. ఆడపిల్ల ఎవరు గడప దాటుతున్నా ఆమె తలుపు దగ్గర నిలబడి ఒకే ప్రశ్న అడిగేది: "పోయొచ్చినావా? నీళ్ళు తాగలేదు గదా?" బడికి పోయినా, పెళ్ళికి పోయినా, గుడికి పోయినా ఇదే. బయటికి వెళ్ళే ఆడది నీళ్ళు తాగకూడదన్నది ఆమె శాస్త్రం. దానికి ఆమె స్వయంగా తపస్సు చేసి చూపించింది కూడా. ఒకసారి కార్వేటినగరంలో చుట్టాల పెళ్ళికి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, రెండు పంక్తులకు వడ్డించి, పెళ్ళికూతురును సాగనంపి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ఈ మధ్యలో ఒక్క చుక్క నీళ్ళు తాగలేదు, ఒక్కసారి కూడా చాటుకు పోలేదు. ఈ సంగతిని ఆమె, జైలుకు వెళ్ళొచ్చిన వాళ్ళు జైలు గురించి చెప్పినట్టు, వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. మేమంతా ఆ విద్యలో ఆరితేరినవాళ్ళమే. మొన్న యూనివర్సిటీ వరండాలో చూశాను, ప్రతి ఆడపిల్ల సంచికి పక్కన ఒక నీళ్ళ సీసా వేలాడుతోంది. క్లాసులోనే, పాఠం చెప్పే మాస్టారి ఎదుటే మూత తిప్పి గటగటా తాగేస్తున్నారు. మా అవ్వ చూసి ఉంటే ఈ పిల్లలు బరి తెగించారని గుండెలు బాదుకునేది.

నన్ను ఎం.ఏ.కు తిరుపతి పంపడానికి నాయన ఒప్పుకున్నది ఒక్క మనిషిని చూసి. చరిత్ర శాఖకు హెడ్డుగా ఉన్న రంగనాథం సారు చిత్తూరు మనిషే. తిరుపతికి మారకముందు నెలసరుకులన్నీ మా అంగట్లోనే తీసుకునేవారు. "కందిపప్పు కొనేటప్పుడు మనిషి గుణం తెలుస్తాది. సారు పిడికిట్లో పోసుకుని, ఊది, రాయి ఉండాదేమో చూసి గానీ తీసుకోడు. అట్లాంటాయన దగ్గర బిడ్డను వదలొచ్చు" అని నాయన తీర్మానించాడు. నా భవిష్యత్తు కందిపప్పు మీద తేలింది.

మా క్లాసులో మగపిల్లలు ఇరవైమందికి పైనే, ఆడపిల్లలం ముగ్గురం. నేను, సరళ, రత్నమ్మ. సరళది పలమనేరు దగ్గర పల్లె. ఇంటినిండా పాడి. నిలువెత్తు మనిషి. ఎనుములను అదిలించి పెరిగిన గొంతు కాబట్టి ఆమె రహస్యం చెబితే వరండా చివరిదాకా వినిపించేది. రత్నమ్మ కార్వేటినగరం పక్కన ఒక హరిజనవాడ నుంచి వచ్చింది. నాయన రోడ్డుపనికి పోయేవాడు. ఆ వాడలో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆమే. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒక పుస్తకంలో వేలు పెట్టుకుని ఉండేది. ముగ్గురికీ హాస్టల్లో ఒకే గది.

హాస్టలు ఒక కొసన, మా శాఖ ఇంకో కొసన. మధ్యలో పావుగంట నడక, నెత్తిన తిరుపతి ఎండ. మా శాఖలో మగపిల్లలకు వెనకవైపు ఒక కట్టడం ఉండేది. దానికి పైకప్పు లేదు గానీ, వాళ్ళకు ఆ లోటు తెలిసినట్టు లేదు. పైగా వాళ్ళకు కొండదాకా ఉన్న తుప్పలన్నీ సొంతమే. మాస్టార్లకు ఎడమపక్క మొదటి గదిలో తాళం వేసిన మరుగుదొడ్డి ఉండేది. దాని తాళంచెవి అటెండరు చెంగయ్య మొలతాడుకు వేలాడేది. ఆడపిల్లలకు ఏమీ లేదు. శాఖ భవనం కట్టినప్పుడు ఆడపిల్లలు చరిత్ర చదువుతారని ఎవరూ అనుకోలేదట. అవసరమైతే హాస్టలుకు పోయి రావాలి. పోను పావుగంట, రాను పావుగంట. తిరిగొచ్చేసరికి క్లాసు అయిపోయేది, హాజరు పట్టీలో సున్నా పడేది. నాకూ సరళకూ ఆ సున్నా వల్ల పోయేదేమీ లేదు. రత్నమ్మకు మాత్రం హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అందుకని ఆమె మా అవ్వను మించిపోయింది. పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేది కాదు.

మొదటి ఏడు ఎండాకాలంలోనే ఆమె పడిపోయింది. జ్వరం, నడుము నొప్పి, మూత్రానికి పోతే మంట. క్యాంపసు ఆసుపత్రిలో ముసలి డాక్టరమ్మ ఉండేది. "రోజుకు ఎన్ని గ్లాసులు తాగతావు?" అని అడిగింది.

"పడుకునే ముందర ఒకటి మేడం."

"ఒంటె నీకన్నా నయం" అని డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసి ముగ్గురినీ తిట్టింది. ఇట్లాగే చేస్తే ఎం.ఏ. చేతికి వచ్చేలోపల మూత్రపిండాలు చేతికి వస్తాయని చెప్పింది. గదికి వచ్చాక రత్నమ్మ మంచం కింది ట్రంకుపెట్టె ఇవతలికి లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. "నీళ్ళు తాగితే స్కాలర్‌షిప్పు పోతాది, తాగకపోతే నేనే పోతా. దీనికన్నా ఇంటికి పోయేది మేలు మే" అంది. సరళ ఆ పెట్టె మీద ఎక్కి కూర్చుంది. సరళ కూర్చున్న పెట్టెను తెరవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందువల్ల రత్నమ్మ ఆగిపోయింది.

అప్పుడు అర్జీ రాద్దామనుకున్నాము. రాసే బాధ్యత నా మీద పడింది, నా తెలుగు బాగుంటుందని. కానీ మొదటి వాక్యంలోనే చిక్కొచ్చింది. ఆ వస్తువును ఏమని రాయాలి? మరుగుదొడ్డి అని రాయడానికి చెయ్యి రాలేదు. రాసేది మగవాళ్ళకు, అందులోనూ మా అంగట్లో కందిపప్పు కొన్న పెద్దమనిషికి. సరళ ఒక మాట చెప్పింది గానీ, అది ఎనుముల దగ్గర తప్ప వాడే మాట కాదు. పైగా ఆ గొంతుకు పక్క గదులవాళ్ళు తలుపులు తెరిచి చూశారు. చివరకు ఎంతో ఆలోచించి, ఎంతో నాజూకుగా, "విద్యార్థినులకు ఒక విశ్రాంతి గది కావలెను" అని రాశాను. కింద ముగ్గురం సంతకాలు పెట్టాము. నా తెలుగును చూసి నేనే మురిసిపోయాను.

సారు అర్జీ చదివి, "తప్పకుండా అమ్మా, న్యాయమైన కోరిక" అన్నారు. సెలవులు ముగిసి మేము తిరిగి వచ్చేసరికి విశ్రాంతి గది సిద్ధంగా ఉంది. మాస్టార్ల గదికి పక్కనే, పాత శాసనాల అచ్చుకాగితాలు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి, కడిగించి, రెండు పేము కుర్చీలు వేయించి, ఒక చాప పరిపించి, గోడకు పూలకుండీ బొమ్మ తగిలించారు. తలుపు మీద "విద్యార్థినుల విశ్రాంతి గది" అని రంగుతో రాయించారు కూడా. సారు స్వయంగా తలుపు తీసి చూపించి, "సంతోషమేనా?" అని అడిగారు. ఏం చెబుతాము? సంతోషమే సార్ అన్నాము. ఆయన వెళ్ళాక కుర్చీల్లో ఇద్దరం, చాప మీద సరళ, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పళ్ళు బిగించి, పూలకుండీ బొమ్మను చూస్తూ విశ్రాంతి తీసుకున్నాము.

"నీ తెలుగు తగలబడ!" అంది సరళ. వరండా అంతా వినిపించింది.

ఇక చెప్పడానికి సిగ్గుపడే భాగం వస్తోంది. ఆ వారంలోనే చెంగయ్య నన్ను పక్కకు పిలిచి, గుప్పిట్లో ఒక తాళంచెవి పెట్టాడు. మాస్టార్లదానికి రెండో చెవి. "సారు ఇమ్మన్నారు పాపా. మీ నాయన మనకు తెలిసినాయన గదా. ఎవరికీ సెప్పొద్దు" అన్నాడు. మరి సరళకు, రత్నమ్మకు అని అడిగాను. "ఒగరికిస్తే ఇంగొగరు అడగతారు. ఆ రత్నమ్మ గూడా వస్తే మాస్టార్లు కొందరు ఒప్పుకోరు. నీకు తెలీందేముండాది" అన్నాడు. నాకు తెలుసు. తెలిసే తాళంచెవిని రుమాలు కొసన ముడి వేసుకున్నాను. కాదనాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదని ఇన్నేళ్ళ తర్వాతైనా ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు అనిపించింది ఒక్కటే: హమ్మయ్య.

రెండు వారాలు గడిచాయి. దొంగతనం తెలియకూడదని వాళ్ళతో పాటు నేనూ హాస్టలుకు నడిచేదాన్ని, అవసరం లేకపోయినా. ఎండలో ఊరికే నడిచి, ఊరికే నిలబడి, ఊరికే తిరిగి వచ్చేదాన్ని. నాటకం బాగానే నడిచింది గానీ ఒక్క చోట పట్టుబడ్డాను. ఒకరోజు పొద్దున పది గంటలకు వరండాలోని కుండ దగ్గర గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని తాగాను. తాగి, ఇంకో సగం గ్లాసు తాగాను. తిరిగి చూస్తే రత్నమ్మ పుస్తకంలో వేలు పెట్టుకుని నన్నే చూస్తోంది.

"నీళ్ళు తాగతా ఉండావే" అంది.

"దప్పికయింది."

"మాకూ అవతా ఉండాది. మేము తాగలేదు గదా. యాడికి పోతా ఉండావు నువ్వు?"

నేను రుమాలు ముడి విప్పి చూపించాను. సరళ ఆ పూట నుంచి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె గొంతు లేక హాస్టలంతా ఎవరో పోయినట్టు ఉండేది. రత్నమ్మ మాత్రం తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఎట్లుండాది? బాగుండాదా?" అని అడిగింది. బల్బు ఉంది, కొళాయి ఉంది, కొళాయిలో నీళ్ళు వస్తాయి అని చెప్పాను. ఆమె ఏదో గుడి గురించి వింటున్నట్టు నవ్వుముఖంతో విన్నది. నువ్వూ తీసుకో, ఎవరూ లేనప్పుడు వెళ్ళిరా అన్నాను. అప్పుడు ఆమె నవ్వు పోయింది.

"ఎవరూ సూడకుండా పోయే పని మా ఊళ్ళోనే చేస్తా ఉంటి గదమే. తెల్లారకముందే లేచి, ఆ రెడ్డి చేను గట్టున. దానికోసరం ఇంత దూరం రావల్నా? నేను పోతే తలుపు ముందరనుంచే పోతా. అందరూ సూస్తా ఉండంగా."

నేను తాళంచెవి తీసుకుపోయి చెంగయ్య బల్ల మీద పెట్టాను. "అరిగిపోయిందా పాపా?" అని అడిగాడాయన, చెవి సరిగ్గా తిరగడం లేదేమోనని.

సోమవారం పొద్దున ముగ్గురం చెంబులతో క్లాసుకు వెళ్ళాము. ఆలోచన రత్నమ్మది, చెంబులు సరళవి. పాలు కాచుకోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబులు, చింతపండుతో తోమితే బంగారంలా మెరిశాయి. బెంచీ మీద పుస్తకాల పక్కన ఒకటి, ఒకటి, ఒకటి పెట్టాము. ఆ రోజు పాఠం సింధు నాగరికత. రంగనాథం సారుకు ప్రాణమైన పాఠం. చెంబులను చూసీ చూడనట్టు మొదలుపెట్టారు. వేల ఏళ్ళ కిందటే మొహెంజొదారోలో ఇంటింటికీ స్నానాల గది, ఇటుకలతో కట్టిన కాలువలు, మురుగునీరు పోవడానికి వాలు, ఆహా అని గాలిలో చేత్తో కాలువ గీసి చూపిస్తున్నారు. రత్నమ్మ లేచి నిలబడింది.

"సార్, సందేహం. మొహెంజొదారోలో ఆడోళ్ళకు ఉండిందా సార్?"

సారు చెయ్యి కాలువ మధ్యలో ఆగిపోయింది. "అంటే... ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ అనే గదమ్మా."

"అయితే మనం ఇంగా ఆడికి రాలేదు సార్" అని చెంబు చేతిలోకి తీసుకుంది. "పోయొస్తాము సార్." ముగ్గురం వరసగా బయటికి నడిచాము. మగపిల్లలు ఊపిరి బిగబట్టి, తలుపు దాటగానే ఒక్కసారిగా పగలబడి నవ్వారు. వరండా వెంట, ఎకనామిక్సు శాఖ ముందునుంచి, తెలుగు శాఖ ముందునుంచి, చెంబులు ఊపుకుంటూ హాస్టలుకు వెళ్ళి, నింపాదిగా తిరిగి వచ్చాము.

మంగళవారం తెలుగు శాఖ ఆడపిల్లలు కలిశారు. బుధవారం ఎకనామిక్సు వాళ్ళు. చెంబు లేనివాళ్ళు ప్లాస్టిక్ మగ్గు, ఒకామె ఊరగాయ జాడీ. ఒకాయన, మా క్లాసు మగపిల్లవాడే, మద్దతు అని తానూ ఒక లోటా పట్టుకుని మాతో నడిచాడు. హాస్టలు గేటు దగ్గరికి వచ్చాక వాచ్‌మన్ అడ్డం పడితే, తాను ఎందుకు వచ్చాడో చెప్పలేక లోటాతో అక్కడే నిలబడిపోయాడు. గురువారం శాఖ ఊడ్చే మునెమ్మ చీపురు గోడకు ఆనించి, రంగుడబ్బా ఒకటి చేతబట్టుకుని వచ్చి వరసలో అందరికన్నా ముందు నిలబడింది. ముసలిది, గట్టిది. "నేనూ వస్తా పాపా. ఇరవై ఏండ్లుగా ఈడ ఊడస్తా ఉండా. నన్ను ఒగరన్నా యాడికి పోతావు మునెమ్మా అని అడిగింది లేదు" అంది. అంతవరకు మేము కూడా అడగలేదు.

శుక్రవారానికి సారు నాయనకు ఉత్తరం రాశారు. ఆదివారం దాటగానే నాయన దిగాడు, సారు కోసం ఒక సంచి కందిపప్పుతో. నాయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అందులోనూ పాత ఖాతాదారుతో. నన్ను ఇంటికి తీసుకుపోతాడని ఖాయం చేసుకున్నాను. సారు గదిలో ఇద్దరూ కూర్చున్నారు, నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. సారు మర్యాదగానే చెప్పారు. చదువుకునే చోట చెంబులేమిటని, శెట్టిగారి పరువేమిటని. నాయన తల ఊపుతూ, చెంగయ్య తెచ్చిన కాఫీ తాగాడు. మొహమాటానికి రెండోది కూడా తాగాడు. చిత్తూరు నుంచి బస్సులో వచ్చిన మనిషి. కాసేపటికి కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. చివరకు, "సార్, ఒకపాలి పోవల్ల" అన్నాడు. చెంగయ్య మొలతాడు నుంచి తాళంచెవి తీసి దారి చూపించాడు.

నాయన తిరిగి వచ్చి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "బాగుండాది సార్. కొళాయిలో నీళ్ళు గూడా వస్తా ఉండాయి. మా పాప అడిగింది ఇదేనా?"

"ఇదే అనుకోండి" అన్నారు సారు.

నాయన చాలాసేపు సంచిలోని కందిపప్పు వంక చూశాడు. "నేను చదువుకోలేదు సార్. యాపారం చేసుకునేవాణ్ణి. నాకు తెలిసింది ఒకటే. లోపల సరుకు పెట్టుకుని లేదు పొమ్మంటే, రేపటినుంచి మన గడప ఎవురూ తొక్కరు." అంత చెప్పి, తాను ఎంత మాట అన్నాడో తెలిసి భయపడి, సంచి బల్ల మీద పెట్టి, "ఈసారి పప్పు బాగా ఉడకతాది సార్" అని నమస్కారం పెట్టి బయటపడ్డాడు. బస్టాండు దాకా వెళ్ళాను. బస్సు ఎక్కుతూ నాయన నాతో అన్నది, "అవ్వకు చెప్పబాకు" అని మాత్రమే.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఇటుకలు దిగాయి. విశ్రాంతి గదిలోంచి పేము కుర్చీలు వెళ్ళిపోయాయి, గోడ పగలగొట్టి గొట్టాలు వేశారు. అది ఎడమపక్క రెండో గది. చివరి పరీక్షలకు నెలన్నర ముందు తయారయింది. సారు మనసులో ఏమనుకున్నారో గానీ, ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా పెట్టారు. ఎర్ర రిబ్బను, పళ్ళెంలో కత్తెర, కొబ్బరికాయ. అన్ని శాఖల మాస్టార్లు వచ్చారు. తలుపు మీద కొత్త అక్షరాలు: "విద్యార్థినులకు మాత్రమే".

సారు ప్రసంగం మొదలుపెట్టారు. నాగరికత అంటే ఏమిటి అన్న చోటినుంచి మొదలుపెట్టారు కాబట్టి ఇప్పట్లో తేలదని అందరికీ అర్థమయింది. వెనక నిలబడిన మునెమ్మ రత్నమ్మ చెయ్యి గోకింది. "ఏమని రాసినారు పాపా ఆ తలుపు మీద?"

రత్నమ్మ తలుపు వంక చూసింది. నా వంక చూసింది. ఎం.ఏ. చరిత్ర, శాసనాలు చదవడంలో క్లాసులో మొదటి మనిషి. "మునెమ్మ ముందర పోవల్ల, తర్వాతే ఎవురైనా, అని రాసినారు అవ్వా" అంది.

"నిజంగానా?" అని మునెమ్మ చీర చెరగు దోపుకుంది. జనంలోంచి దారి చేసుకుని, వంగి, రిబ్బను కింద దూరి, లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. సారు నాగరికత మధ్యలో ఆగిపోయారు. లోపల కొళాయి తిప్పిన చప్పుడయింది. ఆ చప్పుడు ఆగలేదు. చెంగయ్య తలుపు కొట్టబోతే సరళ ఆయన ముందు నిలబడింది, అంతే, దాటే దారి లేదు. మేమందరం, మాస్టార్లు, కత్తెర పట్టుకున్న సారు, కొళాయి చప్పుడు వింటూ నిలబడ్డాము. చాలాసేపటికి గడియ తీసింది. ముఖం కడుక్కుంది, కాళ్ళు కడుక్కుంది, జుట్టు తడిచేత్తో దువ్వి ముడి వేసుకుంది. ఎదురుగా అంతమంది పెద్దమనుషులను చూసి కంగారు పడిపోయింది. "అయ్యో, సార్, మీరందరూ దీనికోసరమే నిలబడుకోనుండారా?" అంది.

ముందు మగపిల్లలు నవ్వారు, తర్వాత మాస్టార్లు. రెండేళ్ళలో మొదటిసారి రంగనాథం సారు నవ్వడం చూశాము. కత్తెర పళ్ళెంలో పడేసి బల్ల పట్టుకుని నవ్వారు. సాయంత్రం రంగు వేసే మనిషిని మళ్ళీ పిలిపించి, "విద్యార్థినులకు మాత్రమే" చెరిపించి "స్త్రీలకు" అని రాయించారు. అక్షరం తగ్గితే చోటు ఎంత పెరుగుతుందో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి మాటలను చుట్టూ తిప్పి రాసే అలవాటు తగ్గించుకున్నాను.

సరళ ఇప్పుడు లేదు. మునెమ్మ ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోలేదన్నదే నిజం. రత్నమ్మ సూళ్ళూరుపేటలో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరయి అక్కడే స్థిరపడింది. తిరుపతి నుంచి వచ్చిన మర్నాడు ఆమెకు ఫోను చేశాను. ఇప్పుడు అడిగితే తల ఎత్తకుండానే చెప్పేస్తున్నారని, అదొక విషయమే కాకుండా పోయిందని చెప్పాను. హారిక అయితే హాస్టలు గేటు మగపిల్లలకు ఎప్పుడూ తెరిచి ఉంటుందని, ఆడపిల్లలకు మాత్రం ఎనిమిదికే మూసేస్తారని వచ్చేదారి పొడుగునా నాతో కొట్లాడిందని కూడా చెప్పాను. "కొట్లాడనీ" అంది. తర్వాత నేను చెంబులు, ఊరేగింపు, మునెమ్మ అన్నీ తలుచుకుని నవ్వాను.

"నాకు అవన్నీ గుర్తులేవు మే" అంది. "ఆ ఆఖరి నెల గుర్తుండాది. ఒక్క క్లాసు గూడా తప్పలా. మొదటి గంటనుంచి ఆఖరి గంట దాకా, నీళ్ళు తాగి, నిమ్మళంగా, పూర్తిగా కూసున్నా. సారు పాఠం అంత విసుగని అప్పుడే తెలిసింది."